ఏరి తెచ్చిన ఆకు, పుల్ల, రాయి: ఏ పిల్లలకు ఏ చేతిపని నప్పుతుంది?

నడక నుంచి తిరిగొచ్చిన పిల్లలు సంచిని నేల మీద బోర్లిస్తే సగం నలిగిన ఆకులు, రెండు మూడు నున్నటి రాళ్లు, పంగ ఉన్న పుల్ల ఒకటి, ఎండిన కాయలు, ఎప్పుడు జేబులో వేసుకున్నారో తెలియని ఈక ఒకటి రాలిపడతాయి. వీటితో ఏం చేయిద్దామని వెతికితే సలహాలకు కొదవ ఉండదు. కానీ వాటిలో ఎక్కువ భాగం తయారైన వస్తువు ఫొటోను చూపిస్తాయే తప్ప, దాన్ని తయారు చేసిన గంటలో పిల్లల చేతులు ఎంతసేపు పనిచేశాయో, పక్కన కూర్చున్న పెద్దల చేతులు ఎంతసేపు పనిచేశాయో చెప్పవు. కొన్నేళ్లుగా చిన్నపిల్లల బృందాలతో ఈ పనులు చేయిస్తున్న నాకు, ఒక చేతిపనిని మరొకదానితో పోల్చడానికి అంతకు మించిన గీటురాయి కనిపించలేదు. పెద్దలే కత్తిరించి, పెద్దలే అతికించి, చివర్లో రెండు కళ్లు మాత్రం పిల్లల చేత పెట్టించిన గుడ్లగూబ బొమ్మ కంటే, వంకరగా వచ్చినా మొదటి నుంచి చివరిదాకా పిల్లలే వేసుకున్న ఆకు అచ్చు ఎంతో మేలు.

1971లో సైమన్ నికల్సన్ అనే కళాకారుడు విడి వస్తువుల సిద్ధాంతం పేరుతో ఒక వ్యాసం రాశారు. పిల్లలు తమ ఇష్టం వచ్చినట్టు కదపగలిగే, కలపగలిగే, మార్చగలిగే వస్తువులు చుట్టూ ఎన్ని ఉంటే, ఎన్ని రకాలుగా ఉంటే, వాళ్ల సృజనకు అంత చోటు దొరుకుతుందన్నది ఆయన వాదన. ఏరి తెచ్చిన వస్తువుల విలువ సరిగ్గా అక్కడే ఉంది. కొని తెచ్చిన క్రాఫ్ట్ కిట్‌లో ప్రతి ముక్కా ఎక్కడికి చేరాలో ముందే తేలిపోయి ఉంటుంది. ఆకుకు, రాయికి, పుల్లకు అలాంటి నిర్ణయం ఏదీ ఉండదు. అందుకే ఇక్కడ పోల్చబోయే పనులన్నిటిలోనూ నేను మొదట అడిగేది, ఆ వస్తువుకున్న ఈ స్వేచ్ఛ పిల్లల చేతికి వచ్చేసరికి మిగులుతుందా లేదా అని.

ఎంపికకు ముందు చూసుకోవలసినవి

వయసు గురించి మాట్లాడేటప్పుడు చాలామంది తెలివితేటల సంగతి ఆలోచిస్తారు గానీ, నిజానికి చూడవలసింది నోరు, వేళ్లు, ఓపిక అనే మూడు. మూడేళ్లు నిండని పిల్లలు చేతికందిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటారు కాబట్టి, గింజలు, చిన్న గులకరాళ్లు వాళ్ల దగ్గరికి రానే కూడదు. ఆ వయసు పిల్లల బొమ్మలను పరీక్షించడానికి వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో పూర్తిగా దిగిపోయే వస్తువును గొంతుకు అడ్డుపడే ప్రమాదం ఉన్నదిగా లెక్కిస్తారు. టాయిలెట్ పేపర్ చుట్ట లోపలి అట్ట గొట్టం సాధారణంగా అంతకంటే వెడల్పుగా ఉంటుంది కాబట్టి, దాన్ని కొలతగా పెట్టుకుంటే ఇంకాస్త జాగ్రత్త పడినట్టే. చిక్కుడు జాతి ఎండు గింజలు ముక్కులోనో చెవిలోనో ఇరుక్కుంటే తేమ పీల్చుకుని ఉబ్బుతాయి. నాలుగైదేళ్ల పిల్లల దగ్గర కూడా ఈ మాట మరచిపోకూడదు.

ఓపిక సంగతి వేరు. జిగురు ఆరేదాకా ఆగడం నాలుగేళ్ల లోపు పిల్లలకు చేతకాదు. చేతకాకపోవడం వాళ్ల తప్పూ కాదు. అతికించిన ఆకు ఊడిపోయిందా అని వేలితో ఎత్తి చూస్తారు, అది నిజంగానే ఊడిపోతుంది, ఏడుపు మొదలవుతుంది. కాబట్టి ఏ పనిలో ఫలితం వెంటనే కనిపిస్తుంది, ఏ పనిలో రోజుల తరబడి ఎదురుచూడాలి అన్నది, వయసును బట్టి ఎంచుకునేటప్పుడు అన్నిటికంటే ముందు చూడవలసిన తేడా. ఆ తర్వాత ఆలోచించవలసింది, చేసినది దాచుకోవడానికా, ఆ పూటకేనా అని. ఈ విషయంలో పెద్దలు తమ కోరికను పిల్లల మీద రుద్దుతుంటారు. ఐదేళ్ల పిల్లలకు చేసిన వస్తువు కంటే చేస్తున్న సమయమే ఇష్టం.

అచ్చులు: ఐదు దారులు, ఐదు రకాల ఓపిక

ఆకు ఆకారాన్ని, ఈనెలను మరోచోటికి దింపే పనులను నేను ఒక కుటుంబంగా చూస్తాను. వీటిలో చాలావాటికి జిగురుతో పనిలేదు. ఆకు తన పని చేసి పక్కకు తప్పుకుంటుంది కాబట్టి బూజు పట్టదు, పొడిపొడిగా రాలదు. ఇంతకంటే మంచి ఆరంభం మరొకటి లేదని నా నమ్మకం.

అన్నిటికంటే సులువైనది క్రేయాన్‌తో రుద్దడం. ఈనెలు ఉబ్బుగా ఉండే అడుగు వైపు పైకి వచ్చేలా ఆకును గట్టి బల్ల మీద పెట్టి, పైన పల్చటి కాగితం పరిచి, క్రేయాన్‌కు చుట్టిన కాగితం తీసేసి, దాన్ని పెన్నులా నిలబెట్టకుండా అడ్డంగా పడుకోబెట్టి రుద్దాలి. మూడేళ్ల పిల్లలు కూడా చేయగలరు, రెండు నిమిషాల్లో ఫలితం కనిపిస్తుంది. పని ఎక్కువగా చెడేది ఒక కారణంతో: రుద్దుతున్నప్పుడు కాగితం జరిగిపోతుంది. నాలుగు మూలలా టేపు అంటిస్తే ఆ ఇబ్బంది తీరుతుంది. మధ్య ఈనె మరీ లావుగా ఉన్న ఆకు కాగితాన్ని చింపుతుంది, బాగా ఎండిన ఆకు కాగితం కింద పొడైపోతుంది. ఆ రోజే రాలిన, ఇంకా మెత్తగా వంగే ఆకు దీనికి సరైనది.

ఒకసారి ఐదేళ్ల పాప ఒకతి ఆకును రుద్దిన తర్వాత అదే కాగితం కింద గడ్డిపోచను పెట్టి రుద్దింది. ఆకులో వల అల్లినట్టున్న ఈనెలు గడ్డిలో లేవు. గీతలన్నీ ఒకదాని పక్కన ఒకటి నిటారుగా వచ్చాయి. ఆమె ఏమీ అడగలేదు. లేచి వెళ్లి ఇంకో మూడు రకాల గడ్డి తెచ్చుకుని, ఒక్కోదాన్నీ రుద్ది, అన్నిటిలోనూ గీతలు అలాగే ఉన్నాయని తనకు తానే తేల్చుకుంది. వృక్షశాస్త్రం ఏకదళ బీజాలకూ ద్విదళ బీజాలకూ సాధారణంగా చెప్పే భేదాల్లో అదొకటి. ఆ పరిశీలనకు నేను ఇచ్చిందల్లా ఒక క్రేయాన్, నాలుగు టేపు ముక్కలు.

రంగు పూసి అచ్చు వేయడం దీని తర్వాతి మెట్టు. ఇక్కడా రంగు పూయవలసింది అడుగు వైపునే. పిల్లలు సహజంగా రంగును దట్టంగా పూస్తారు, దాంతో ఈనెల మధ్య పల్లాలన్నీ పూడిపోయి అచ్చు ఒక ముద్దలా వస్తుంది. పూసిన ఆకును ముందు చిత్తు కాగితం మీద ఒకసారి అద్ది, మళ్లీ రంగు వేయకుండా రెండోసారి మంచి కాగితం మీద అద్దితే ఈనెలు స్పష్టంగా పడతాయని చూపిస్తే చాలు, మిగతాది వాళ్లే పట్టుకుంటారు. రుద్దడంతో పోలిస్తే దీనిలో మరకలు ఎక్కువ, కడగవలసినవి ఎక్కువ, రంగు ఆరేదాకా కాగితాలు పరచడానికి చోటు కావాలి. ఫలితం మాత్రం గోడకు తగిలించుకునేలా ఉంటుంది. నాలుగేళ్లు దాటిన పిల్లలకు, శుభ్రం చేసే ఓపిక పెద్దలకు ఉన్న రోజున ఇది బాగుంటుంది.

ఆకులను, పువ్వులను గుడ్డ మీదనో దళసరి కాగితం మీదనో పెట్టి సుత్తితో కొట్టి రంగు దింపడం మూడోది. దీనిలో రంగు కొనుక్కొచ్చింది కాదు, మొక్కలోదే. ఆకులోని పచ్చదనం పత్రహరితం వల్ల, పసుపు, నారింజ ఛాయలు కెరోటినాయిడ్లు అనే రంగు పదార్థాల వల్ల, ఎరుపు, ఊదా, నీలం రంగులు ఎక్కువగా ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల వల్ల వస్తాయి. ఈ చివరివి పులుపు తగిలితే ఎరుపు వైపు, సబ్బు నీరు వంటి క్షారం తగిలితే నీలం, ఆకుపచ్చల వైపు జరుగుతాయి. అచ్చు వేశాక దాని ఒక మూలన నిమ్మరసం చుక్క పెట్టి చూపిస్తే ఏడెనిమిదేళ్ల పిల్లలు ఆ పూటంతా అదే పని మీద ఉంటారు. పల్చటి రేకులు చక్కగా పడతాయి, నీరు ఎక్కువున్న దళసరి రేకులు చితికి ముద్దవుతాయి. గుడ్డను ముందుగా పెద్దలు పటిక నీళ్లలో నానబెట్టి ఆరబెడితే రంగు మరికొంత కాలం నిలుస్తుంది, అయినా ఎండ తగిలేచోట ఈ రంగులు వెలిసిపోక తప్పదు. వేలికి దెబ్బ తగులుతుందన్న భయం ఉన్నచోట, అరచేతిలో ఇమిడే నున్నటి రాయి సుత్తికంటే నయం. ఎంతకీ కుదురుగా కూర్చోలేని పిల్లలకు నేను ముందుగా ఇచ్చేది ఈ పనే. చప్పుడు చేయడానికి అనుమతి ఉన్న చేతిపనులు చాలా తక్కువ.

మట్టిలో అచ్చు వేయడం నాలుగోది. మట్టిని ఒక సెంటీమీటరు మందాన పరిచి, ఆకును ఈనెల వైపు కిందికి ఉండేలా పెట్టి, అరచేతితో నొక్కి, తొడిమ పట్టుకుని మెల్లగా పైకి లాగాలి. ఆ లాగే క్షణమే ఈ పనికంతటికీ ప్రాణం, దాన్ని ఎట్టి పరిస్థితిలోనూ పెద్దలు చేయకూడదు. అచ్చు నచ్చకపోతే మట్టిని మళ్లీ ముద్ద చేసి మొదటి నుంచి వేసుకోవచ్చు. తప్పు చేయడానికి ఇంత వెసులుబాటు ఉన్న పదార్థం మరొకటి లేదు. రెండేళ్ల పిల్లల నుంచి పదేళ్ల పిల్లల దాకా ఒకే బల్ల చుట్టూ కూర్చోగలిగేది కూడా దీని దగ్గరే. ఆరేటప్పుడు ఎండలో పెడితే పైభాగం ముందు ఆరి బీటలు వారుతుంది. నీడలో మూడు నాలుగు రోజులు, రోజుకోసారి తిరగేస్తూ ఆరబెట్టాలి. కాల్చని మట్టి నీళ్లు తగిలితే కరిగిపోతుందని పిల్లలకు ముందే చెప్పాలి, లేకపోతే మొదటి వానకు గుండె పగులుతుంది. మట్టి దొరకని చోట రెండు కప్పుల పిండికి ఒక కప్పు ఉప్పు, ముప్పావు నుంచి ఒక కప్పు దాకా నీళ్లు కలిపిన ముద్ద అదే పని చేస్తుంది. కానీ అందులో ఉప్పు చాలా ఎక్కువ కాబట్టి పిల్లలు తినకుండా చూసుకోవాలి, ఇంట్లో కుక్క ఉంటే దానికి అసలు అందకూడదు. అంత ఉప్పు దానికి విషంతో సమానం.

ఎండతో వేసే అచ్చు ఐదోది. 1842లో జాన్ హెర్షెల్ కనుగొన్న సయనోటైప్ పద్ధతిలో ఇనుప లవణాలు పూసిన కాగితం మీద మొక్కను పెట్టి ఎండకు చూపితే, కాగితం నీలంగా మారి మొక్క ఉన్నచోటు తెల్లగా మిగులుతుంది. ఆ మరుసటి ఏడాదే, 1843లో, అన్నా అట్కిన్స్ సముద్రపు నాచు మొక్కలను ఇలా అచ్చులు తీసి పుస్తకంగా కూర్చడం మొదలుపెట్టారు. పూత పూసిన కాగితం కొనవలసి ఉంటుంది కాబట్టి ఇది పూర్తిగా ఏరి తెచ్చిన వస్తువుల పని కాదు. ముదురు రంగు చార్ట్ పేపర్ మీద ఆకులు పెట్టి, కదలకుండా చిన్న రాళ్లు ఉంచి, కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజుల దాకా మంచి ఎండలో వదిలేస్తే, కాగితం వెలిసి ఆకు నీడ మాత్రం ముదురుగా మిగులుతుంది. నీలం అచ్చుకున్న సొగసు దీనికి రాదు, కానీ ఖర్చు లేదు, రసాయనం లేదు. ఆరేళ్లు దాటిన పిల్లలకు, మబ్బు పట్టని రోజుకు ఇది సరిపోతుంది.

ఈ ఐదింటిలో ఒకటే ఎంచుకోవాలంటే, చేతిలో పావుగంటే ఉంటే క్రేయాన్, పూట మొత్తం ఉంటే మట్టి అంటాను.

ఆరబెట్టిన ఆకులు, పూలు

కాగితాల మధ్య అదిమి ఆరబెట్టడం అందరికీ తెలిసిన పనే. 16వ శతాబ్దంలో ఇటలీకి చెందిన లూకా గినీ మొక్కలను ఇలా ఆరబెట్టి కాగితానికి అతికించి భద్రపరిచే పద్ధతికి ఆద్యుడని చెబుతారు. నేటికీ వృక్షశాస్త్రజ్ఞులు నమూనాలను దాచేది దాదాపు అదే తీరున. అచ్చులతో పోలిస్తే ఇందులో ఆకు స్వయంగా మిగులుతుంది, అదే దీని ఆకర్షణ. కానీ ఒకటి రెండు వారాల నిరీక్షణ తప్పదు. ఆ నిరీక్షణలో మొదటి మూడు నాలుగు రోజులు చాలా కీలకం, ఎందుకంటే ఆకులోని తేమలో ఎక్కువ భాగం కాగితంలోకి దిగేది అప్పుడే.

ఆ సంగతి నేను నష్టపోయి నేర్చుకున్నాను. ఒక బృందం ఏరిన ఆకులన్నిటినీ వార్తాపత్రికల మధ్య పేర్చి, పైన బరువు పెట్టి, పది రోజులదాకా తెరవలేదు. తెరిచేసరికి సగానికి పైగా ఆకుల మీద నల్లటి బూజు మచ్చలు, కొన్ని కాగితానికి అంటుకుపోయి ఊడి రాలేదు. తన ఆకు ఏదని వెతుక్కుంటున్న పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. అప్పటి నుంచి మొదటి నాలుగు రోజులు రోజూ కాగితాలు మారుస్తున్నాను. మార్చే పనిని పిల్లలకే అప్పగించాక ఇంకో మేలు కూడా కనిపించింది: ఆకు రోజురోజుకూ ఎలా బిగుసుకుంటుందో, రంగు ఎలా మారుతుందో వాళ్లే చూస్తున్నారు కాబట్టి నిరీక్షణ నిరీక్షణలా ఉండడం లేదు.

పచ్చదనం ముందు పోతుంది, పసుపు, నారింజ రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి. అందుకే పండి రాలిన ఆకులతో చేసిన కార్డు పచ్చి ఆకులతో చేసినదాని కంటే ఎక్కువ రోజులు అందంగా ఉంటుంది. ఈ పనిని ఆరేళ్ల లోపు పిల్లలకు ఒంటరిగా ఇవ్వను. ఆపై వయసు వాళ్లకు మాత్రం, ప్రతి ఆకు కింద ఎక్కడ దొరికింది, ఏ తేదీన దొరికింది అని రాయించగలిగితే, ఇక్కడ చెప్పిన అన్ని పనుల్లోకీ ఎక్కువ కాలం తోడుండేది ఇదే. తేదీ లేని ఆకు అలంకారం. తేదీ, చోటు ఉన్న ఆకు నమూనా. పిల్లలకు ఈ తేడా మనం అనుకునే దానికంటే త్వరగా అర్థమవుతుంది.

రాళ్లు, గింజలు, కాయలు

రాళ్లకు రంగులు వేయడం ఎక్కడ చూసినా కనిపించే పని. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే పిల్లలకు అది ఆనందమే, కాదనను. కానీ ఆక్రిలిక్ రంగు పూయగానే రాయి రాయిగా కనిపించడం మానేసి ఒక చిన్న కాన్వాసు అవుతుంది; ఆ పని కాగితం మీదా జరిగేదే. పైగా ఆక్రిలిక్ అంటే ప్లాస్టిక్ పూత. రంగు వేసిన రాళ్లను తిరిగి వాగులోనో చెట్ల కిందో వదిలితే ఆ పూత పొట్టుపొట్టుగా ఊడి నేలలో కలుస్తుంది, కాబట్టి వాటిని ఇంట్లోనే ఉంచుకోవాలి. రంగు వేయకుండా రాళ్లను ఒకదాని మీద ఒకటి నిలబెట్టడం, పరిమాణం ప్రకారం వరస పెట్టడం, తడిపి చూస్తే బయటపడే చారలను బట్టి జట్లుగా విడదీయడం నాకు ఎక్కువ ఇష్టం. తడి రాయి, పొడి రాయి ఒకటేనా అని పిల్లలు అడిగే ప్రశ్నకు రంగు డబ్బాలో జవాబు లేదు.

గింజలను అట్ట మీద అతికించి చిత్రాలు కూర్చడం నాలుగైదేళ్లు దాటిన, వేళ్లలో నిదానం వచ్చిన పిల్లల పని. చిన్న అట్టతో, అరచేయంత చిత్రంతో మొదలుపెట్టాలి. పెద్ద అట్ట ఇస్తే మూలకు చేరేసరికి ఓపిక అడుగంటి, మిగిలింది పెద్దలు పూర్తి చేయవలసి వస్తుంది. పైన్ జాతి చెట్ల కాయలు దొరికే చోట వాటిని అలంకరించే ముందు నీళ్లలో వేసి చూపించాలి. తడిస్తే కొద్ది గంటల్లో పొలుసులు ముడుచుకుంటాయి, ఆరితే మళ్లీ విచ్చుకుంటాయి. అంతకు మించి ఆ కాయకు వేరే అలంకారం అక్కర్లేదు.

పంగల కొమ్మ మీద అల్లిక

ఇది కొంచెం పెద్ద పిల్లల పని, ఏడేళ్ల నుంచి పైన. ఒకరి సహాయంతో ఆరేళ్లకూ మొదలుపెట్టవచ్చు. వంచితే పుటుక్కున విరగని, రెండు చేతుల వెడల్పున పంగ చీలిన కొమ్మను ఎంచుకోవాలి. ఒక చీలిక నుంచి మరో చీలికకు ఊలు దారాన్ని వరసగా, మరీ బిగుతుగా కాకుండా చుట్టుకుంటూ పోతే పడుగు సిద్ధమవుతుంది. ఆ తర్వాత పొడవాటి గడ్డి, ఎండిన తీగలు, సన్నటి ఆకులు పేకగా ఒకసారి దారం పైనుంచి, ఒకసారి కిందనుంచి దూర్చాలి. మొదటి వరస ఎప్పుడూ తప్పు వస్తుంది. రెండో వరసలో పైది కింద, కిందిది పైన రావాలన్న సంగతి వేళ్లకు అందేదాకా ఆగి చూడాలి, మధ్యలో చేయి పెట్టకూడదు. దారం జారకుండా మొదటి ముడి వేయడం, కొమ్మకు మొనదేలిన చోట్లు ఉంటే గరుకు కాగితంతో రుద్దడం, ఈ రెండు పనులు మాత్రం పెద్దలవి.

మిగతా పనులతో పోల్చినప్పుడు దీనికున్న ప్రత్యేకత, ఒక్క పూటలో అయిపోకపోవడం. కొమ్మను గోడకు ఆనించి ఉంచితే పిల్లలు నడకకు వెళ్లొచ్చిన ప్రతిసారీ ఒక పోచ, ఒక తీగ తెచ్చి దూరుస్తారు. పూర్తవడం అనే తొందర లేని పని ఇది ఒక్కటే.

నేల మీద కూర్పులు

జిగురు లేదు, దారం లేదు, ఇంటికి తెచ్చేది ఏమీ లేదు. ఆకులు, రాళ్లు, పుల్లలు ఉన్నచోటనే నేల మీద వరసలుగా, చుట్లుగా, వలయాలుగా పేర్చి, చూసుకుని, వదిలేసి రావడం. 1956లో పుట్టిన బ్రిటిష్ శిల్పి ఆండీ గోల్డ్స్‌వర్తీ ఆకులు, మంచు, రాళ్లతో ఇటువంటి రూపాలు కూర్చి, అవి చెదిరిపోకముందే ఫొటోలుగా భద్రపరచడం వల్ల ప్రసిద్ధులయ్యారు. వేర్వేరు వయసుల పిల్లలు కలిసి ఉన్నప్పుడు మట్టి తర్వాత నేను ఎంచుకునేది ఇదే. చిన్నవాళ్లు ఏరి తెస్తారు, పెద్దవాళ్లు పేరుస్తారు, కాసేపటికి ఆ తేడా చెరిగిపోతుంది.

సరైన వలయం కావాలంటే ఒక పుల్లను నేలలో గుచ్చి, దానికి దారం కట్టి, దారం కొసన ఇంకో పుల్లను పట్టుకుని చుట్టూ నడిచి గీత గీయమనాలి. వృత్తం గీయడం చేత్తో కాక కాళ్లతో నేర్చుకున్న పిల్లలు తర్వాత వ్యాసార్థం అన్న మాటను మరచిపోరు. గాలి ఉన్న రోజున ఆకుల మీద కాసిన్ని నీళ్లు చిలకరిస్తే నేలకు అతుక్కుంటాయి. ఇందులో ఉన్న కష్టం ఒక్కటే: కొందరు పిల్లలు వదిలి రావడానికి ఒప్పుకోరు. అలాంటివాళ్లకు ముందే చెప్పి, చివర్లో వాళ్ల చేతనే ఒక ఫొటో తీయించాలి. ఇంటికి చేరాక కూడా బాధపడే పిల్లలైతే, వాళ్లకు ఇది కాకుండా అచ్చుల పని ఇవ్వడం మంచిది.

అతికించడం తప్పనిసరైతే

తెల్ల జిగురు పిల్లల చేతికి ఇవ్వగలిగినది, ఆకు, గింజ, కాగితం వంటి తేలిక వస్తువులకు సరిపోతుంది. పైకి గంటలో ఆరినట్టు కనిపించినా పూర్తి బిగువు రావడానికి ఒక రోజు పడుతుంది. పిండి ఉడికించి చేసుకున్న జిగురు కాగితానికి బాగుంటుంది గానీ ఎక్కువ రోజులుంటే పురుగు పట్టవచ్చు. రాయిని రాయికి, కాయను కొమ్మకు అతికించడానికి గ్లూ గన్ వైపు చూస్తారు. దాని కరిగిన జిగురు 190 డిగ్రీల సెల్సియస్ దరిదాపుల్లో ఉంటుంది, తక్కువ వేడి రకాల్లో కూడా 120 దాకా ఉంటుంది. చర్మానికి అంటుకుంటే తుడిచినా పోదు, కాలుస్తూనే ఉంటుంది. కాబట్టి గ్లూ గన్ అవసరమైన పని అంటే పెద్దల పని అని అర్థం. అలాంటిది కనిపించినప్పుడు నేను ఆ పనినే మార్చేస్తాను. దారంతో కట్టడమో, ఒక మట్టి ముద్దలో పుల్లలు, ఈకలు గుచ్చి నిలబెట్టడమో నేర్పితే మూడేళ్ల పిల్లలు కూడా ఎవరి సాయమూ లేకుండా ముళ్లపందినో, చెట్టునో తయారు చేస్తారు. మట్టి ముద్దను మించిన జిగురు చిన్నపిల్లలకు లేదు.

ఏరేటప్పుడు

రాలినదే ఏరాలి, కోయకూడదు అన్న నియమం ఒకటి, ఒక్కొక్కరికి ఒక దోసిలి నిండా మాత్రమే అన్న నియమం మరొకటి. దోసిలి హద్దు పెట్టిన రోజున పిల్లలు కనబడినదల్లా సంచిలో కుక్కడం మానేసి, ఇది ఉంచాలా, అది ఉంచాలా అని పోల్చి చూడడం మొదలుపెడతారు. చేతిపనిలో సగం అక్కడే జరిగిపోతుంది. గవ్వలో, నత్త గుల్లలో ఏదైనా కదులుతుంటే అక్కడే వదిలేయాలి. ఈకల విషయంలో ముందుగా తమ ప్రాంతపు చట్టం తెలుసుకోవాలి. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల ఒప్పంద చట్టం ప్రకారం చాలా పక్షుల ఈకలను, రాలినవైనా సరే, దగ్గర ఉంచుకోవడం నిషిద్ధం.

ప్రతి మొక్కా పిల్లల చేతికి తగినది కాదు. ఎర్రటి ఒంటి మీద నల్లటి మచ్చతో మెరిసే గురివింద గింజ ఎంత అందంగా ఉంటుందో అంత ప్రమాదకరం. పొట్టు పగిలినా, రంధ్రం చేసినా అందులోని అబ్రిన్ ప్రాణం తీయగలదు. పూసల్లా గుచ్చుకోవడానికి అది పనికిరాదు. ఆముదపు గింజలో రిసిన్ అనే విషం ఉంటుంది. గన్నేరు మొక్కలో ప్రతి భాగమూ, ఉమ్మెత్తలో ముఖ్యంగా గింజలూ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే కంటికి తీవ్ర హాని జరుగుతుంది, దురదగొండి కాయ నూగు చర్మాన్ని మండిస్తుంది, వయ్యారిభామ కొందరికి దద్దుర్లు తెస్తుంది. మొక్క పేరు తెలియకపోతే దాన్ని చితకగొట్టే పనికి, అంటే సుత్తి అచ్చులకు, వాడకూడదు. రసం చేతికి అంటేది ఆ పనిలోనే. ఏ పని చేసినా చివర చేతులు సబ్బుతో కడగాలి.

ఏరి తెచ్చినవాటిని వెంటనే పెట్టెలో మూయకుండా ఒక రాత్రి కాగితం మీద పరిస్తే చీమలూ పురుగులూ వెళ్లిపోతాయి, తేమా ఆరుతుంది. కాయలు, కొమ్మలు ఎక్కువ కాలం ఇంట్లో ఉంచేట్టయితే సంచిలో గట్టిగా మూసి ఫ్రీజర్‌లో కొన్ని రోజులు ఉంచడం మంచిది. పని ముగిశాక రంగూ జిగురూ తగలని ఆకులను, పుల్లలను, మట్టిని పిల్లల చేతనే తిరిగి చెట్టు మొదట్లో వేయించవచ్చు. రంగు పడినవి, జిగురు అంటినవి మాత్రం ఆ కుప్పలో కలవకూడదు; ఏది ఏ కుప్పలోకి వెళ్లాలో వేరు చేయడం ఐదేళ్ల పిల్లలకు అప్పగిస్తే చాలా శ్రద్ధగా చేస్తారు.